ఏలినాటి శని మొదలైందని భయపడుతున్న మా అబ్బాయికి

నాన్నా,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. అప్పుడు సగమే చెప్పగలిగాను, మిగతా సగం పెట్టేశాక గుర్తొచ్చింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

నీది భరణి నక్షత్రం, మేష రాశి. 2025 మార్చి 29న శని మీన రాశిలోకి వచ్చాడు కాబట్టి నీకు ఏలినాటి శని మొదలైన మాట నిజమే. నీ రాశికి ముందున్న మీనం, నీ మేషం, తర్వాతి వృషభం, ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు. 2032 దాకా నడుస్తుంది. నీ దగ్గర దాచాల్సిన పని లేదు. కానీ ఈ లెక్క కూడా చూడు. ఏ రోజు చూసినా పన్నెండు రాశుల్లో మూడు రాశుల వాళ్లకి ఏలినాటి శని ఉంటుంది. నువ్వు పొద్దున ఎక్కే మెట్రోలో ప్రతి నలుగురిలో ఒకరికి ఉన్నట్టే. వాళ్లూ ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు.

నీకు జాతకం చూసినాయన జపం, హోమం, నీలం ఉంగరం అన్నీ కలిపి యాభై ఒక్క వేలు అన్నాడని, ఈ శనివారం లోపు కట్టకపోతే ఉద్యోగం పోతుందన్నాడని చెప్పావు. ఆ డబ్బు కట్టకు. నాకు జ్యోతిషం మీద నమ్మకం లేక ఈ మాట అనడం లేదు, నలభై ఏళ్లుగా పంచాంగం చూడకుండా నేను ఊరు ప్రయాణం పెట్టుకోను. కానీ భయపెట్టి, గడువు పెట్టి అడిగేవాళ్ల చేత గ్రహశాంతి చేయించుకోకూడదు. ఇక నీలం అందరికీ పడే రాయి కాదు. జాతకం మొత్తం చూసి, కొన్నాళ్లు దగ్గర ఉంచుకుని చూశాకే పెట్టుకోమంటారు పెద్దవాళ్లు. దాని జోలికి ఇప్పుడు అసలు వెళ్లకు.

నీకు ఎనిమిదేళ్లప్పుడు నిన్ను నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటోరియంకి తీసుకెళ్లాను, గుర్తుందా? లైట్లు ఆర్పేశాక నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు. గోపురం మీద శనిగ్రహం వచ్చింది, చుట్టూ వలయం. నువ్వు చెయ్యి వదిలేసి లేచి నిలబడి ‘అబ్బ’ అన్నావు. వెనక వాళ్లు కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ పేరు వింటేనే ఇప్పుడు నీకు టెన్షన్. సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరిగి రావడానికి ఆయనకి దాదాపు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు పడుతుంది. అందుకే రాశికి రెండున్నరేళ్లు. అందుకే ఆ పేరు కూడా.

పేరు దగ్గరే మొదలుపెట్టు. మనవాళ్లు శనేశ్వరుడు, శనీశ్వరుడు అంటారు. మంత్రంలో ఉన్నది ‘శనైశ్చర’. శనైః అంటే మెల్లగా, చర అంటే నడిచేవాడు. ఆ విసర్గ చకారం ముందు ‘శ్’ అయి, శనైశ్చర అయింది. ఇందులో ఈశ్వర శబ్దం లేదు. పలికేటప్పుడు ‘నై’ దీర్ఘంగా రావాలి, ‘శ్చ’ స్పష్టంగా రావాలి. ముందు ఒక రోజంతా ఇదొక్కటే పలికి చూసుకో. ఇంత చిన్న విషయం మీద ఎందుకు పట్టుబడుతున్నానో కింద చెబుతాను.

నువ్వు చెయ్యాల్సిన మంత్రం ‘ఓం శనైశ్చరాయ నమః’. అంతే. ఇంటర్నెట్‌లో ‘ఓం ప్రాం ప్రీం ప్రౌం’ అని మొదలయ్యే బీజమంత్రం కనిపిస్తుంది. అది గురువు దగ్గర ఉపదేశం తీసుకుని చేసేది. నవగ్రహ సూక్తంలోని వేదమంత్రాలకి స్వరం ఉంటుంది, విని నేర్చుకోకుండా నోటికొచ్చినట్టు చదవకూడదు. నేను చెప్పిన ఈ నామమంత్రానికి ఈ నియమాలు లేవు, ఎవరైనా చేసుకోవచ్చు. దీనికి ముందు వ్యాసుడు చెప్పిన నవగ్రహ స్తోత్రంలోని శని శ్లోకం రోజూ పందొమ్మిది సార్లు చదువుకో:

నీలాంజన సమాభాసం రవిపుత్రం యమాగ్రజం
ఛాయామార్తాండ సంభూతం తం నమామి శనైశ్చరం

నల్లని కాటుకలా మెరిసేవాడు, సూర్యుడి కొడుకు, యముడికి అన్న, ఛాయాదేవికి సూర్యుడికి పుట్టినవాడు. అర్థం తెలుసుకుని చదివితే మనసు అటూ ఇటూ పోదు. ఈ శ్లోకంలో భయపెట్టే మాట ఒక్కటి కూడా లేదు, గమనించు. తల్లి పేరు, తండ్రి పేరు, తమ్ముడి పేరు చెప్పి నమస్కారం పెడుతున్నాం. మన ఇంటికి ఒక పెద్దమనిషి వస్తే ఎలా పలకరిస్తామో అలా.

ఇక సంఖ్య. జాతకంలో ఒక్కో గ్రహానికి ఇన్నేళ్లని లెక్కకట్టే వింశోత్తరి దశల్లో శని దశ పందొమ్మిదేళ్లు. మన వైపు ఏడాదికి వెయ్యి చొప్పున శని జపం పందొమ్మిది వేలు చేస్తారు. రవికి ఆరు వేలు, చంద్రుడికి పది వేలు, గురువుకి పదహారు వేలు, అన్నీ ఇదే లెక్క. ఉత్తరాదిన శనికి ఇరవై మూడు వేలు అంటారు, అది చూసి కంగారు పడకు. మాలకి 108 పూసలు ఉన్నా లెక్కకి వందే వేసుకుంటాం. ఆ ఎనిమిది మన తప్పులకి, పరధ్యానానికి పోతాయి. రోజుకి ఐదు మాలలు, అంటే ఐదు వందలు. ముప్ఫై ఎనిమిది రోజుల్లో పందొమ్మిది వేలు పూర్తి. మాలకి నాకు ఐదు నిమిషాలు పడుతుంది. శ్లోకంతో కలిపి అరగంట అనుకో.

రోజుకి ఐదే ఎందుకంటున్నానంటే, నేను పెద్ద తప్పు చేసి నేర్చుకున్నాను కాబట్టి.

నాది వృషభ రాశి. 1998 నుంచి 2005 దాకా నాకు ఏలినాటి శని నడిచింది. మీ పెదనాన్న పనిచేసే ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. ఇద్దరు పిల్లల ఫీజులు, ఇంటి అప్పు. అప్పుడు ఎవరో శని జపం చెయ్యమన్నారు. నాకు తొందర. రోజుకి పందొమ్మిది మాలలు పెట్టుకున్నాను, పది రోజుల్లో అయిపోవాలని. తెల్లవారుజామున మూడింటికి లేచేదాన్ని. పిల్లలకి టిఫిన్ లేదు, బ్రెడ్డు ముక్క చేతిలో పెట్టి పంపేదాన్ని. మధ్యలో అత్తగారు ఏదైనా అడిగితే కసురుకునేదాన్ని. పూసలు వేళ్ల మీద పరిగెత్తేవి. నాలుగో రోజు సాయంత్రం గుళ్లో నవగ్రహ మండపం పక్కన కూర్చుని చేస్తుంటే, అర్చకులు, ముసలాయన, దీపాలకి నూనె పోస్తూ ఆగారు. ‘ఏదమ్మా, ఒక్కసారి పైకి పలుకు’ అన్నారు. పలికాను. ‘సనేసరానమ’ అని వచ్చింది. రెండోసారీ అదే. ఆయన ఏమీ అనలేదు. నా చేతిలోని మాల తీసుకుని మేరుపూస, అంటే లెక్క మొదలయ్యే పెద్ద పూస దగ్గరికి జరిపి, మళ్లీ నా చేతిలో పెట్టారు. మొదటి నుంచి చెయ్యమని.

ఆ రాత్రి చాలా ఏడ్చాను. మర్నాటి నుంచి రోజుకి ఐదు మాలలు. పిల్లలు బడికి వెళ్లాక.

జపం పూర్తయిన మర్నాడు ఉద్యోగం రాలేదు. అది నీకు నిజాయితీగా చెప్పాలి. మీ పెదనాన్నకి వేరే పని దొరకడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది, అదీ తక్కువ జీతానికి. కానీ ఇరవయ్యో రోజుకో ఎప్పుడో, జపం అయ్యాక లేచి, అప్పటిదాకా తెరవడానికి భయపడిన అప్పుల కాగితాలన్నీ బయటికి తీసి, ఒక నోట్‌బుక్‌లో వరసగా రాశాను. ఎవరికి ఎంత, ఏ నెల. ఆ ధైర్యం నాకు ఆ అరగంట నుంచే వచ్చిందని నేను నమ్ముతాను. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

నువ్వు ఒక శనివారం మొదలుపెట్టు. నైట్ షిఫ్ట్ అన్నావు కదా, ఇంటికొచ్చి స్నానం చేసి, పడుకోబోయే ముందు చేసుకో. ఏ వేళ అయినా రోజూ అదే వేళ అయితే చాలు. చాప మీదో పీట మీదో కూర్చో, ఉత్త నేల మీద వద్దు. నువ్వుల నూనె దీపం మట్టి ప్రమిదలో చాలు. నేను తూర్పు ముఖంగా కూర్చుంటాను. శనిది పడమర దిక్కు కాబట్టి అటు తిరిగి చేసేవాళ్లూ ఉన్నారు. రుద్రాక్ష మాల నడిమి వేలి మీద వేసుకుని బొటనవేలితో పూస జరపాలి, చూపుడు వేలు తగలకూడదు. మేరుపూస దగ్గరికి వచ్చాక దాటకుండా మాల వెనక్కి తిప్పుకోవాలి. ఫోన్ ఇంకో గదిలో పెట్టు. దీనికి మాత్రం మినహాయింపు లేదు.

మొదటి రోజు సంకల్పం చెప్పుకోవాలి. మన హైదరాబాదులో ‘శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోః మధ్యదేశే’ అంటాం. తిథి, వారం, నక్షత్రం పంచాంగంలో చూసి చేర్చుకో. సంస్కృతం రాకపోతే తెలుగులోనే చెప్పుకో: నా పేరు ఇది, గోత్రం ఇది, శనైశ్చరుడి అనుగ్రహం కోసం ఇన్ని రోజులు ఇంత జపం చేస్తాను. అందులో నీ ఒక్కడి మేలే కోరుకోకు. దశరథుడి కథ తెలుసు కదా. శని రోహిణిని భేదిస్తే పన్నెండేళ్లు కరువు వస్తుందని తెలిసి, ఆయన రథమెక్కి నక్షత్రమండలం దాకా వెళ్లి శనికి ఎదురు నిలబడ్డాడు. తన రాజ్యం కోసమో ప్రాణం కోసమో కాదు, జనం కోసం. శని ఆ ధైర్యానికి మెచ్చి వరమిచ్చాడు. నీ టీమ్‌లో నీతోపాటు భయపడుతున్నవాళ్లు ఇంకా ఉంటారు, వాళ్ల పేర్లూ మనసులో అనుకో.

మధ్యలో పురుడో మైలో వస్తే ఆపి, శుద్ధి అయ్యాక ఆపిన చోటు నుంచి కొనసాగించు. ఒళ్లు బాగోక ఒక రోజు తప్పితే చివర్లో ఒక రోజు పెంచుకో. ఆ ముప్ఫై ఎనిమిది రోజులూ మద్యం, మాంసం వద్దు.

శనివారాలు నవగ్రహాలకి తొమ్మిది ప్రదక్షిణలు చెయ్యి. తాడ్‌బండ్ కానీ కర్మన్‌ఘాట్ కానీ వెళ్లి ఆంజనేయస్వామిని చూసుకో, హనుమంతుడి భక్తుల జోలికి శని రాడని మన నమ్మకం. కోనసీమలో మందపల్లి మందేశ్వరస్వామికి తైలాభిషేకం చేయించుకోవాలని ఉంటే వచ్చే శనిత్రయోదశికి అందరం కలిసి వెళ్దాం, ఇప్పుడే సెలవు పెట్టి పరిగెత్తకు.

జపం అయ్యాక పదో వంతు, అంటే పందొమ్మిది వందల ఆహుతులు హోమం చేయించడం పద్ధతి. శని హోమంలో వేసే సమిధ జమ్మి. దసరా రోజు మనం బంగారం అని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకి దండం పెట్టే జమ్మి, మన తెలంగాణ రాష్ట్ర వృక్షం. ఏటా చేత్తో పట్టుకుంటున్న ఆకు నీకు కొత్తదేం కాదు. హోమం మన గుడి అర్చకుల చేత చేయిద్దాం, ఖర్చు గురించి నేను మాట్లాడతాను.

దానం గురించి కాస్త శ్రద్ధగా విను. మోండా మార్కెట్లో నల్ల నువ్వులు, నల్ల బట్ట దొరుకుతాయి, ఇవ్వు, మంచిదే. కానీ జ్యోతిషంలో శని దేనికి కారకుడు? కష్టపడి ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకి, సేవకులకి, వృద్ధాప్యానికి, ఆయుష్షుకి. మొన్న నేను మీ ఇంటికి వచ్చినప్పుడు చూశాను. మీ వాచ్‌మన్ నాలుగో అంతస్తు దాకా నీళ్ల డబ్బా భుజం మీద మోసుకొచ్చి గుమ్మంలో దించాడు. నువ్వు ఫోన్ చూస్తూ ‘అక్కడ పెట్టు’ అన్నావు. ఆయనకి మీ నాన్న వయసు ఉంటుంది నాన్నా. చొక్కా భుజం దగ్గర తడిసిపోయి ఉంది. నాకు ఆ రోజంతా మనసు బాగోలేదు. ఈ ముప్ఫై ఎనిమిది రోజుల్లో నువ్వు చేసే శనిపూజలో సగం అక్కడే ఉంది. ఆయన పేరు కనుక్కో, ‘అన్నా’ అని పిలువు, ఎదురెళ్లి డబ్బా అందుకో. పనమ్మాయికి ఒకటో తారీఖునే జీతం ఇవ్వు. ఊళ్లో ఉన్న నాన్నమ్మకి రోజు విడిచి రోజు ఫోన్ చెయ్యి, స్పీకర్లో పెట్టి వేరే పని చేసుకోకుండా.

కాకికి అన్నం పెట్టమంటారు, ఆయన వాహనం కదా. మీ మియాపూర్‌లో పావురాలే తప్ప కాకులు రావంటావేమో. తినకముందే గుప్పెడు తీసి పిట్టగోడ మీద పెట్టు. ఏది వస్తే అది తింటుంది.

ఇంకొకటి. రెండు వారాలుగా నిద్ర పట్టడం లేదన్నావు. వెంటనే డాక్టర్ని కలువు. జపం మందుకి అడ్డం కాదు, మందు జపానికి అడ్డం కాదు. ఉద్యోగం పోతుందేమోనన్న అనుమానం ఉంటే ఇంటర్వ్యూలకి చదువుకోవడం కూడా ఈ రోజు నుంచే మొదలుపెట్టు, శని పనిచేసేవాళ్ల వైపే ఉంటాడు.

వచ్చే శుక్రవారం సాయంత్రం చిక్కడపల్లి మెట్రోలో దిగి ఫోన్ చెయ్యి, మీ పెదనాన్న బండి మీద వస్తారు. నా మాల నీకు ఇస్తాను. ఇరవై ఆరేళ్లు వాడిన పూసలు, నున్నగా అయిపోయాయి, వేలికి గుచ్చుకోవు. మీ ఆఫీసు బ్యాగులో వెయ్యకు, దానికి నేను కుట్టిన నల్ల గుడ్డ సంచి ఉంది, అందులోనే పెట్టుకో. 2027లో శని మేషంలోకి వస్తే నాకు మళ్లీ ఏలినాటి మొదలు, అప్పటికి నాకు తిరిగి ఇచ్చెయ్యి. ఆ రాత్రి ఇక్కడే పడుకో. శనివారం తెల్లవారి మొదటి మాల నా పక్కన కూర్చుని చేద్దువుగాని, నీ ‘శ్చ’ ఎలా వస్తోందో నేను వినాలి.

మీ పెద్దమ్మ