ఫోను లాక్కోకండి, ఆట వేళ మార్చండి
అమ్మా, నీట్‌లో సీటు రాని మీ అబ్బాయి గది దాటకుండా అర్ధరాత్రి దాకా ఆన్‌లైన్‌లో ఆడుతున్నాడని, ఫోను లాక్కోవాలా అని అడిగారు. లాక్కోవద్దని నా మనవి. ఇంట్లో నోరు విప్పని పిల్లవాడు హెడ్‌సెట్ పెట్టుకుని "రేయ్, ఆగు, నేనొస్తున్నా" అంటున్నాడంటే, తన అవసరం ఉన్నవాళ్లు కొందరు అక్కడ ఉన్నారన్నమాట, అది ఇప్పుడు అతనికి చిన్న ఆసరా కాదు. నిద్ర చెడుతోంది కాబట్టి ఆటను సాయంత్రానికి జరుపుకొమ్మని నచ్చజెప్పండి, జట్టులో ఎవరెవరున్నారో ఆసక్తిగా అడగండి. డబ్బు పెట్టి ఆడేవి మాత్రం వద్దే వద్దు. 2025 నాటి కేంద్ర చట్టం వాటిని నిషేధించింది. ఆట మీద కూడా మనసు పోకపోయినా, తిండి మానేసినా, చావు మాట ఎత్తినా ఆలస్యం చేయకుండా తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు (14416) ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.