ఆలోచించకు అంటే ఆగుతాయా ఆలోచనలు?

ప్రశ్న: మేడమ్, పగలంతా బానే ఉంటాను, నవ్వుతాను, పని చేసుకుంటాను. రాత్రి లైటు ఆపి పడుకోగానే మొదలవుతుంది, ఆఫీసులో ఎవరో అన్న మాట, కట్టాల్సిన ఈఎమ్ఐ, అమ్మ ఆరోగ్యం, అన్నీ ఒకదాని వెనక ఒకటి తిరుగుతూనే ఉంటాయి, రెండింటి దాకా నిద్ర పట్టదు. ఇంట్లో అందరూ "ఎక్కువ ఆలోచించకు" అంటారు, ఎలా ఆపాలో మాత్రం ఎవరూ చెప్పరు.

జవాబు: ఎలా ఆపాలో వాళ్ళకీ తెలీదు కాబట్టే చెప్పరండీ. అసలు ఆపాలని చూసేకొద్దీ ఇంకా ఎక్కువవుతాయి. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు కొంతమంది స్టూడెంట్లని కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి తలుచుకోవద్దు, ఒకవేళ గుర్తొస్తే గంట కొట్టండి అన్నాడు. నిమిషానికి ఒకసారి కంటే ఎక్కువే కొట్టారు. ఆ తర్వాత సరే ఇప్పుడు తలుచుకోండి అంటే, మొదట్నుంచీ తలుచుకోమని చెప్పినవాళ్ళ కంటే వీళ్ళకే ఎక్కువసార్లు గుర్తొచ్చింది! మీ ఈఎమ్ఐ కూడా ఆ ఎలుగుబంటి లాంటిదే.

అందుకే ఆపకండి, వాయిదా వేయండి. సాయంత్రం ఒక అరగంట దిగులు పడటానికే పెట్టుకోండి, నవ్వకండి, నిజంగానే చెప్తున్నా, థామస్ బోర్కోవెక్ అనే ఆయన టీమ్ 1983లోనే దీన్ని పరీక్షించి చూసింది. రోజూ ఒకే టైము, ఒకే చోటు, అది మంచం మాత్రం కాకూడదు, పడుకునే ముందు కూడా వద్దు. బుర్రలో ఉన్నదంతా కాగితం మీద పెట్టండి, మీ చేతిలో ఉన్నవాటి పక్కన రేపు చేసే ఒక పని రాయండి. "బ్యాంకుకి ఫోన్ చెయ్యాలి" లాంటిది చాలు. "అప్పులన్నీ తీర్చాలి" అని రాస్తే అది పని కాదు, ఇంకో దిగులు. రాత్రి మళ్ళీ అదే గుర్తొస్తే రేపు సాయంత్రం చూద్దాంలే అనుకోండి, మొదటి వారం ఒప్పుకోదు మనసు, పేచీ పెడుతుంది, వదలకండి.

ఇంకోటి, ఒక ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి వేరే గదిలో కూర్చోండి, మసక వెలుతురులో బోరు కొట్టే పని ఏదైనా చేసుకుని కళ్ళు మూతలు పడుతున్నప్పుడే వెనక్కి రండి. మేలుకుని దొర్లుతూ ఉంటే మంచం అంటే ఆలోచించే చోటు అని అలవాటైపోతుంది. గడియారం మాత్రం చూడొద్దు, ఫోన్ సంగతి మీకే తెలుసు. కాఫీ అయితే మధ్యాహ్నంతో ఆపేయండి, తాగిన ఐదారు గంటలకి కూడా అందులోని కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది.

ప్రశ్న: నాది మామూలు బాధా, డిప్రెషనా ఎలా తెలుస్తుంది? డాక్టర్ దగ్గరికెళ్తే మాత్రలు అలవాటు చేస్తారని భయం.

జవాబు: బాధకి మధ్యలో కాస్త తెరిపి ఉంటుంది, నచ్చినవాళ్ళు కనిపిస్తే ముఖం విప్పారుతుంది. డిప్రెషన్‌లో చాలామందికి ఆ తెరిపి ఉండదు. రెండు వారాల పాటు దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోయినా, దాంతో పాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత తేడా కొట్టినా వెళ్ళి చూపించుకోవాలి. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంది, మొత్తం 27 మార్కులు, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌తో మాట్లాడటం మంచిది, అయితే అది జబ్బు తేల్చేది కాదు, ఒక అంచనా మాత్రమే. థైరాయిడ్ తగ్గినా, బీ12 తగ్గినా మనిషి ఇలాగే డల్ అయిపోవచ్చు, అందుకే రక్తపరీక్ష కూడా అడుగుతారు.

మాత్రల గురించి: తేలికపాటి డిప్రెషన్‌కి చాలాసార్లు కౌన్సెలింగే మొదలుపెడతారు. మందులు రాసినా, ఇప్పుడు ఎక్కువగా వాడే డిప్రెషన్ మందులు మత్తుమందుల్లా ఇంకా ఇంకా కావాలనిపించేవి కావు. కాకపోతే గుణం కనపడటానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, సైడ్ ఎఫెక్టులేమో ముందే వచ్చేస్తాయి, అక్కడే చాలామంది పని చెయ్యట్లేదని మానేస్తారు. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

ప్రశ్న: ఉద్యోగం పోయాక మా తమ్ముడు గదిలోంచి బయటికి రావట్లేదు. బాగా చదువుకున్నోడివి, ధైర్యంగా ఉండరా అని ఎంత చెప్పినా వినట్లేదు అక్కా.

జవాబు: చెప్పడం కొన్నాళ్ళు ఆపండమ్మా. ధైర్యంగా ఉండు అన్న ప్రతిసారీ వాడికి "నేను ధైర్యంగా లేను" అనే వినిపిస్తుంది. వెళ్ళి పక్కన కూర్చోండి, మాట్లాడకపోయినా పర్లేదు. మూడ్ వచ్చాక చేస్తాలే అంటాడు, కానీ డిప్రెషన్‌లో మూడ్ ముందు రాదు, పని చేశాక వస్తుంది, అదీ కొంచెమే. కాబట్టి "వాకింగ్‌కి వెళ్ళు" అనకుండా "నాతో వీధి చివరి దాకా రా, పది నిమిషాల్లో వచ్చేద్దాం" అనండి. వస్తే మెచ్చుకోలు ప్రసంగాలు వద్దు, రేపు మళ్ళీ పిలవండి.

అడగాల్సిన మాట ఒకటుంది. బతకాలని లేదు, చచ్చిపోవాలి లాంటి ఆలోచనలు వస్తున్నాయారా అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడతారు చాలామంది, అలా ఏం జరగదు, చాలామందికి ఎవరో ఒకరు అడిగారని ప్రాణం తేలికపడుతుంది. అవునంటే తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు, మాత్రలు, పురుగుమందు లాంటివి ఇంట్లోంచి తీసేయండి, ఆ రోజే సైకియాట్రిస్ట్ దగ్గరికి, దొరక్కపోతే దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి మీరే తీసుకెళ్ళండి.