పునెట్ చదరంలో తప్పులు పోతున్నాయని జెనెటిక్స్ వదిలేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి కూకట్‌పల్లిలో ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతోంది. జెనెటిక్ కౌన్సెలర్ అవుతానంటోంది. మెండల్ సూత్రాలు గడగడా చెప్తుంది కానీ, పునెట్ చదరం (పిల్లలకు ఏ లక్షణం ఎంత వంతున వస్తుందో గళ్లు గీసి చూసే పట్టిక) లెక్క ఇస్తే తప్పు చేస్తోంది. ఈ దారి తనకు సరిపడుతుందా?

జవాబు: ముందు తన నోట్‌బుక్ తీయించి, లెక్క ఎక్కడ దారి తప్పిందో చూడండి. సాధారణంగా సంయోగబీజాలు (అండం, పుంబీజం) రాసేచోటే తప్పుతుంది. ఒక్కో జన్యు జత నుంచి ఒక్క యుగ్మవికల్పమే, అంటే ఆ జన్యువు రెండు రూపాల్లో ఒకటే, బీజంలోకి వెళ్తుంది. బఠానీ గింజ ఆకారానికి ఒకటి, రంగుకు ఒకటి. రెండు జతలూ విషమయుగ్మజమైతే (జతలోని రెండూ వేర్వేరు రూపాలైతే) నాలుగు రకాల బీజాలు, పదహారు గళ్లు. తొందరలో ఒకే జతలోని రెండింటినీ ఒకే బీజంలో పెట్టేస్తే పిల్ల మొక్కల్లో రావాల్సిన 9:3:3:1 నిష్పత్తి ఎన్నటికీ రాదు. గళ్లు గీయకముందే బీజాలను విడిగా రాసుకోమనండి. ఈ తప్పు వారం సాధనతో పోతుంది.

అసలు చూడాల్సింది ఈ లెక్క. తల్లిదండ్రులిద్దరూ తలసేమియా అనే రక్తపు జబ్బుకు క్యారియర్లు, అంటే జతలో ఒక జన్యువులోనే లోపం ఉండి, తమకు జబ్బు లేనివారు. ఒక బిడ్డకు జబ్బు ఉంది, అక్క ఆరోగ్యంగా ఉంది. అక్క క్యారియర్ అయ్యే అవకాశం ఎంత? చాలామంది సగం అంటారు. నాలుగు గళ్లలో జబ్బు గడి ఒకటి. అక్కకు జబ్బు లేదని తెలుసు కాబట్టి ఆ గడి కొట్టేయాలి. మిగిలిన మూడింటిలో రెండు క్యారియర్ గళ్లు, అంటే 2/3. మీ అమ్మాయి ఆ గడిని ఎందుకు కొట్టేయాలో తన మాటల్లో చెప్పగలిగితే నిశ్చింతగా ఉండండి. కౌన్సెలర్ రోజూ చేసే ఆలోచన ఇదే.

ఇంకోటి కూడా అడగండి: అలాంటి దంపతులకు నలుగురు పిల్లలు పుడితే ఒకరికి జబ్బు తప్పదా? తప్పదనేం లేదు. ప్రతి కాన్పుకూ నాలుగో వంతు ముప్పు కొత్తగా మొదలవుతుంది. నలుగురికీ జబ్బు రాకుండా ఉండే అవకాశం 81/256, దాదాపు 32 శాతం. "ఒకరికి వచ్చేసింది కదా, ఇక భయం లేదు" అనుకునే కుటుంబానికి ఇది నొప్పించకుండా, స్పష్టంగా చెప్పాలి. మన దగ్గర మేనరికాలు ఎక్కువ, దగ్గరి బంధువులిద్దరూ ఒకే జబ్బుకు క్యారియర్లయ్యే అవకాశమూ ఎక్కువ కాబట్టి దీని అవసరమూ ఎక్కువే. మేనత్త కొడుకు, మేనమామ కూతుళ్ల మధ్య సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి; మేనమామ, మేనకోడళ్ల మధ్య నాలుగో వంతు.

ఇక చదువు. డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు జెనెటిక్స్ ఉన్న బీఎస్సీ కాంబినేషన్ వెతకండి; అన్ని కాలేజీల్లోనూ ఉండదు. తర్వాత ఉస్మానియాలో ఎమ్మెస్సీ జెనెటిక్స్‌కు సీపీగెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) రాయాలి. ఆపైన జెనెటిక్ కౌన్సెలింగ్‌లో ప్రత్యేక శిక్షణ తీసుకోవాలి. వట్టి ఎమ్మెస్సీతో ల్యాబ్ వైపు వెళ్లవచ్చు గానీ, కుటుంబాలతో కూర్చుని మాట్లాడే పనికి అది చాలదు. కౌన్సెలర్ మందులు రాయరు, వంశవృక్షం గీసి ముప్పు లెక్కగట్టి వివరిస్తారు. వైద్యం కూడా చేయాలనుకుంటే నీట్, ఎంబీబీఎస్, ఎండీ, ఆపైన మూడేళ్ల డీఎం మెడికల్ జెనెటిక్స్. పదేళ్లు దాటే ప్రయాణం. మొక్కలంటే ఇష్టమైతే ఈఏపీసెట్ రాసి రాజేంద్రనగర్‌లో బీఎస్సీ అగ్రికల్చర్, తర్వాత జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్.

దోస్త్ మొదలయ్యేలోపు, ఈ సెలవుల్లో మీ ఇంటి మూడు తరాల వంశవృక్షం తనచేత గీయించండి. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, జబ్బున్నవారికి నింపిన గుర్తు, మేనరికానికి జంట గీత. పెద్దవాళ్లను అడిగి వివరాలు రాబట్టడం తనకు ఇష్టంగా ఉందో, ఇబ్బందిగా ఉందో గమనించండి.