శారీ గార్డ్, అద్దాలు తీసేసిన బైక్ నడపొచ్చా?

కుదరదు. బండి మీదే అయినా, లుక్ కోసం తీసేశానంటే చట్టం ఒప్పుకోదు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 125వ రూల్ అద్దం ఉండాలంటుంది, 123వ రూల్ అయితే వెనక కూర్చునేవాళ్లకి పట్టుకునే హ్యాండిల్, ఫుట్‌రెస్ట్, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే గార్డ్‌తోనే బండి తయారవ్వాలంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 177 కింద మొదటిసారి 500 దాకా, మళ్లీ దొరికితే 1,500 దాకా జరిమానా. సైలెన్సర్ పీకేస్తే మాత్రం లెక్క వేరు, అదే చట్టం సెక్షన్ 190(2) కింద 10,000 వరకూ పోవచ్చు, పైగా మూడు నెలలు లైసెన్స్ కూడా.

డబ్బు సంగతి అటుంచితే, నాకు ఎక్కువ భయం ఆ గార్డ్ లేకపోవడమే. ఒకపక్కకి కూర్చున్నావిడ కొంగు ఊచల్లో చుట్టుకుంటే, నడిపేవాడికి తెలిసేలోపే మనిషి రోడ్డు మీద ఉంటుంది. అద్దం లేనప్పుడు మీరు మెడ తిప్పి వెనక్కి చూసే ఆ ఒక్క క్షణంలోనే ముందు ఆటో ఆగుతుంది (మన ఆటోలు చెప్పి ఆగవు కదా). విప్పిన గార్డ్ ఇంట్లో ఉంటే ఇవాళే బిగించేయండి.