మిషన్ మీద 'అప్రూవ్డ్' అని పడ్డాక

చిట్టికి,

ఆశీస్సులు. షాపులో కార్డు మిషన్ పెట్టావని, వెబ్‌సైటులో కూడా ఆర్డర్లు తీసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ముద్దుమాటలు ఫోన్లో అయిపోయాయి కాబట్టి ఇక్కడ పని సంగతే రాస్తాను. కాగితం మీద ఉంటే నీ దగ్గర పనిచేసే పిల్లలకూ చూపించొచ్చు.

కార్డులు తీసుకోవడం మొదలెట్టిన కొత్తలో మిషన్ మీద 'అప్రూవ్డ్' అని పడితే డబ్బు చేతికొచ్చేసినట్టే అనుకునేదాన్ని. కాదమ్మా. ఆ క్షణానికి కార్డులో లిమిట్ ఉంది, కార్డు పోయిందని ఇంకా ఎవరూ బ్యాంకుకి చెప్పలేదు, అంతవరకే దాని అర్థం. నెల తర్వాత అసలు మనిషి స్టేట్‌మెంట్ చూసుకుని 'ఇది నేను కొనలేదు' అంటే బ్యాంకు ఆ సొమ్ము నీ దగ్గర్నుంచి వెనక్కి లాక్కుంటుంది. దాన్నే ఛార్జ్‌బ్యాక్ అంటారు. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో చాలా రకాల ఫిర్యాదులకు 120 రోజుల దాకా గడువుంటుంది. సరుకూ పోతుంది, డబ్బూ పోతుంది, పైగా ఛార్జ్‌బ్యాక్ ఫీజు.

నాకు తగిలిన దెబ్బ చెప్తాను. ఒకాయన ఫోన్లో పెద్ద ఆర్డరిచ్చాడు. రంగు అడగలేదు, సైజు అడగలేదు, బేరం అసలే ఆడలేదు. ఎప్పుడు రెడీ అవుతుందన్నదే గోల. కార్డు నంబరు చెప్పాడు, అప్రూవ్ అయింది. గంటలో మళ్లీ ఫోన్: "మా ట్రాన్స్‌పోర్ట్ అతను కార్డు తీసుకోడు మేడమ్, అతని ఛార్జీలు కూడా నా కార్డు మీదే కలిపి తీసుకుని, అతని ఖాతాకి మీరే పంపేయండి." పంపాను. ఐదు వారాలకి ఛార్జ్‌బ్యాక్ వచ్చింది, కార్డు ఎవరిదో. నేను కట్టిన పార్సిళ్లు మాత్రం గోడవార అలాగే ఉన్నాయి. వాడికి సరుకు అక్కర్లేదు, నేను పంపిన ఆ డబ్బే కావాలి.

అందుకే ఎవరైనా ఎక్కువ తీసుకుని మిగతాది ఇంకొకరికి పంపమంటే అక్కడితో ఆపెయ్. రిఫండ్ ఏదైనా సరే, డబ్బు వచ్చిన కార్డుకే వెళ్లాలి. క్యాష్‌గా వద్దు, వేరే కార్డుకీ వద్దు. తొందరపెట్టేవాళ్ల ఆర్డరు ఒకరోజు ఆపి చూడు. నిజమైన కస్టమరైతే విసుక్కున్నా ఆగుతాడు.

కౌంటర్ దగ్గర చిప్ కార్డుని చిప్‌తోనో ట్యాప్‌తోనో తీసుకో. "చిప్ పాడైంది, నంబరు కొట్టండి" అంటే ఇంకో కార్డు అడుగు. నంబరు కొట్టి తీసుకున్నది మోసమని తేలితే ఆ నష్టం చాలావరకు నీ నెత్తినే పడుతుంది. ఇంకో నాటకం ఉంది. కార్డు డిక్లైన్ అవుతుంది, అతనే 'బ్యాంకు'కి ఫోన్ చేసి, ఒక కోడ్ ఇచ్చారు కొట్టండి అంటాడు. అలా కొట్టినప్పుడు మిషన్ బ్యాంకుని అడగదు, ఏ అంకెలిచ్చినా తీసేసుకుంటుంది. కోడ్ కావాలంటే నీ బ్యాంకు నీకిచ్చిన నంబరుకి నువ్వే ఫోన్ చెయ్యి.

అమెరికాలో 2015 అక్టోబరు నుంచి చిప్ చదవలేని మిషన్లలో జరిగే మోసాల నష్టం షాపుల మీద పడటం మొదలయ్యాక దొంగలు ఆన్‌లైన్ వైపు మళ్లారు. నీ వెబ్‌సైటులో కార్డు వివరాలతో సరిపెట్టకుండా ఓటీపీ లాంటి రెండో తనిఖీ కూడా పెట్టించు. అది దాటి వచ్చిన పేమెంట్‌ని 'నేను కొనలేదు' అంటే మామూలుగా ఆ భారం కార్డు ఇచ్చిన బ్యాంకుది. తెల్లారేసరికి వేరువేరు కార్డులతో డజన్ల కొద్దీ చిల్లర ఆర్డర్లు కనిపిస్తే వ్యాపారం పుంజుకుందని మురిసిపోకు. దొంగ నంబర్లలో ఏవి పనిచేస్తాయో నీ సైటులో పరీక్షిస్తున్నారన్నమాట. ఒకే చోటు నుంచి ఎన్నిసార్లు ప్రయత్నించొచ్చో హద్దు పెట్టమని సైటు చూసేవాళ్లకి చెప్పు. కార్డు వెనకున్న సీవీవీ ఎక్కడా దాచకు, డైరీలో కూడా రాసుకోవద్దు. పీసీఐ నియమాలు, అంటే కార్డు వివరాల భద్రత కోసం పెట్టిన నియమాలు, అందుకు ఒప్పుకోవు.

'ఇది నేను కొనలేదు' అన్నవాళ్లంతా దొంగలు కారు. స్టేట్‌మెంట్‌లో నీ షాపు పేరుకి బదులు ఇంకేదో పేరు పడితే గుర్తుపట్టక ఫిర్యాదు చేస్తారు. అక్కడ ఏ పేరు పడుతోందో నీ కార్డుతోనే ఒకసారి కొని చూసుకో. ఉట్టినే బుకాయించేవాళ్లూ ఉంటారు, డెలివరీ సంతకాలు, మెసేజ్‌లు దాచిపెట్టు. నోటీసు వస్తే గడువులోగా జవాబివ్వకపోతే నీది న్యాయమైనా ఓడిపోతావు.

మిషన్ కంపెనీ నుంచి వచ్చామని ఎవరైనా మిషన్ మారుస్తామంటే, ముందు కంపెనీకి ఫోన్ చేసి కనుక్కో. నేనైతే ఎవరైనా మిషన్ మార్చేస్తే తెలిసిపోయేలా దాని అడుగున నెయిల్ పాలిష్‌తో చిన్న చుక్క పెట్టి, రోజూ షాపు తెరవగానే తిప్పి చూసేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు.

నీ మిషన్‌ని కూడా తిప్పి సీరియల్ నంబరు రాసిపెట్టుకో. మిషన్ మీద రిఫండ్ ఇవ్వడానికి కొట్టే పాస్‌వర్డ్ ఇంకా కంపెనీవాళ్లు ఇచ్చిందే ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అది మార్చు.

మీ పెద్దమ్మ