కరోలా వెనక చక్రం బేరింగ్ ఇంట్లో మార్చుకోవచ్చా? నేను మార్చాను, కానీ ముందు తప్పు వైపుది

మీది 2006 టొయోటా కరోలా కారు, 40 మైళ్ల వేగం దాటగానే వెనక నుంచి హోరు వస్తోంది, బేరింగ్ పోయిందని మెకానిక్ 400 డాలర్ల పైన అడుగుతున్నాడు. ఇంట్లో మార్చుకోవచ్చా, అప్పటిదాకా బండి నడపొచ్చా అని కదా అడిగారు. మార్చుకోవచ్చు. నాది 2005 కరోలా. మిషిగన్‌లో మా ఇంటి డ్రైవ్‌వేలోనే మార్చాను. కాకపోతే నేను ముందు పీకింది బాగున్న బేరింగ్‌ని. ఆ కథ వింటే మీకు ఒక హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) డబ్బులు మిగలొచ్చు.

నాదీ ఇదే హోరు. 35 దగ్గర మొదలై, 60కి వచ్చేసరికి కారులో పాట పెట్టుకోవడం దండగ అన్నంతగా పెరిగేది. వేగంగా పోతూ న్యూట్రల్‌లో వేసినా తగ్గలేదు కాబట్టి ఇంజన్ గొడవ కాదనుకున్నాను. టైరు ఎగుడుదిగుడుగా అరిగినా ఇలాగే మోగుతుంది. అందుకని ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూశాను. శబ్దం వెనకే ఉండిపోయింది. అంటే బేరింగే.

మరి ఏ వైపుది? రెండు చక్రాలూ లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూశాను. ఏదీ ఆడలేదు. బేరింగ్ లోపల గుండ్లు తిరిగే దారి గుంటలు పడి గట్టిగా మోగుతున్నా, చక్రం మాత్రం లూజు లేకుండా ఉండొచ్చని నాకప్పుడు తెలియదు. ఇక్కడ డ్రైవర్ సీటు ఎడమ పక్క కదా, సరిగ్గా నా వీపు వెనక మోగుతున్నట్టు అనిపించి ఎడమవైపే అని తేల్చేశాను. కుడివైపు వెనక సీట్లో కూర్చునే మా ఐదేళ్ల పాప మాత్రం రెండు వారాలుగా "నాన్నా, నా సీటు కింద తేనెటీగలున్నాయి" అంటోంది. నవ్వి ఊరుకున్నాను. శనివారమంతా కష్టపడి ఎడమది మార్చాను. ఆదివారం పొద్దున హైవే ఎక్కితే తేనెటీగలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మీరు నాలా చెవిని నమ్ముకోకండి. ఖాళీ రోడ్డు మీద 40లో పోతూ స్టీరింగ్ నెమ్మదిగా కొంచెం ఎడమకి, కొంచెం కుడికి తిప్పండి. బండి ఎడమకి తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే అనుమానం కుడి మీద, కుడికి తిరిగినప్పుడు పెరిగితే ఎడమ మీద. ఇది సగం సాక్ష్యమే. అసలు సాక్ష్యం చేతికి దొరుకుతుంది. వెనక భాగం లేపి, స్టాండ్ల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ దించి, ఒక చేత్తో కాయిల్ స్ప్రింగు పట్టుకుని రెండో చేత్తో చక్రం తిప్పండి. వేళ్లు తిరిగే భాగాలకు దూరంగా ఉండాలి సుమా. బాగున్న వైపు స్ప్రింగులో ఏమీ తెలియదు. పోయిన వైపు, తిరగలి తిప్పుతుంటే పిడికి వచ్చే గరగర ఉంటుందే, అలాంటిది వేళ్లకి తెలుస్తుంది. చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌లు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినడం చూశాను. ఇదీ అలాంటిదే. ఈ పరీక్షకి పావుగంట చాలు. నేనది ఆదివారం సాయంత్రం చేశాను, శనివారం చేయాల్సింది.

ఇక పని సంగతి. మన కరోలాలో బేరింగ్‌ని ప్రెస్సులో పెట్టి కొట్టే బాధ లేదు. బేరింగూ హబ్బూ కలిసి ఒకే ముక్కగా వస్తాయి. వెనక నుంచి నాలుగు బోల్టులు విప్పితే పాతది రావాలి, కొత్తది బిగిస్తే అయిపోవాలి. కాగితం మీద అంతే. కానీ ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పదేళ్లు ఆ ఉప్పునీళ్లు తాగిన హబ్ యాక్సిల్‌లో అతుక్కుపోయి కూర్చుంటుంది. మీరు టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉంటే ఈ సోదంతా వదిలేసి గంటన్నరలో పని ముగించుకోండి.

ముందు రోజు రాత్రే ఆ నాలుగు బోల్టుల మీద తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. పొద్దున మళ్లీ ఒకసారి. మామూలు డబ్ల్యూడీ-40 కంటే దీనికోసమే అమ్మే పెనట్రేటింగ్ ఆయిల్ మేలు. హ్యాండ్‌బ్రేక్ దించి చేసే పని కాబట్టి, చదునైన నేల మీద, గేరు పార్క్‌లో పెట్టి, ముందు చక్రాలు రెండింటికీ అటూ ఇటూ అడ్డు చెక్కలు పెట్టండి. జాకీ లేపడానికే. బండి నిలబడాల్సింది స్టాండ్ల మీదే. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు, ఎందుకంటే కాసేపట్లో దాన్ని సుత్తితో బాదబోతున్నారు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే లీజు కూడా చదువుకోండి, పార్కింగ్‌లో రిపేర్లు చాలాచోట్ల ఒప్పుకోరు.

చక్రం విప్పాక కనిపించే బ్రేక్ డ్రమ్ము చేత్తో రాకపోతే దాని ముఖం మీద మరలున్న రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తే డ్రమ్ము దానంతటదే బయటికి జరుగుతుంది. లోపలి బ్రేక్ దుమ్ముని నోటితోనో గాలితోనో ఊదకండి, బ్రేక్ క్లీనర్ స్ప్రేతో తడిపి తుడవండి. నాకు బ్రేక్ షూలు (డ్రమ్ము లోపల రాసుకుని బండిని ఆపే పట్టీలు) విప్పాల్సిన అవసరం రాలేదు.

వెనక బోల్టుల తలలకి 14 సైజు సాకెట్ సరిపోయింది. బ్రేకర్ బార్ (సాకెట్‌కి తగిలించే పొడుగు పిడి) వేస్తే నాలుగూ కిర్రుమంటూ కదిలాయి. హబ్ మాత్రం కదల్లేదు. ఆటోజోన్ అనే విడిభాగాల షాపులో డిపాజిట్ కట్టి స్లైడ్ హ్యామర్ (కడ్డీ మీద జారే బరువుతో వెనక్కి గుంజే పరికరం) తెచ్చుకున్నాను (పరికరం తిరిగిచ్చేస్తే డిపాజిట్ వెనక్కిస్తారు). దాంతో గంటసేపు లాగితే నా భుజం ఊడొచ్చేలా ఉందిగానీ హబ్ రాలేదు. చివరికి పనిచేసింది ఇదీ: బోల్టుల్ని పూర్తిగా తీయకుండా నాలుగైదు చుట్లు వదులు చేసి, తల మీద సాకెట్, దానికి ఎక్స్‌టెన్షన్ తగిలించి, వెనక నుంచి సుత్తితో కొట్టడం. బోల్టు మరలు హబ్‌లోనే ఉంటాయి కాబట్టి ప్రతి దెబ్బా హబ్‌ని బయటికి తోస్తుంది. ఒకే బోల్టు మీద కాకుండా ఎదురెదురు వాటి మీద మార్చి మార్చి కొట్టాలి. కళ్లద్దాలు తప్పనిసరి, తుప్పు పెచ్చులు మొహం మీద పడతాయి. విసుగొచ్చి మంట పెట్టాలనిపిస్తుంది, వద్దు. పక్కనే బ్రేక్ గొట్టం ఉంది.

హబ్ వచ్చాక బ్రేక్ ప్లేటు ఊగుతుంది. దాని బరువు బ్రేక్ గొట్టం మీద పడకుండా తీగతో పైకి కట్టండి. హబ్ కూర్చునే చోటుని తీగ బ్రష్‌తో, ఆ తర్వాత గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. అక్కడ తుప్పు పొర మిగిలితే కొత్తది వంకరగా కూర్చుంటుంది. యాంటీసీజ్ (మళ్లీ తుప్పుతో అతుక్కోకుండా రాసే పేస్టు) పల్చగా, హబ్ కూర్చునే అంచుకి మాత్రమే రాశాను. షూలకి అంటితే బ్రేకు పట్టదు. నాలుగు బోల్టులూ చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా బిగించి, చివర టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువు పడిందో చూపే పానా) మాన్యువల్‌లో మీ మోడల్‌కి ఇచ్చిన లెక్కకి తేవాలి. చక్రం నట్లకి 76 ఫుట్-పౌండ్లు, అంటే 103 న్యూటన్ మీటర్లు. బండి కదిలించే ముందు బ్రేక్ పెడల్ నాలుగైదుసార్లు తొక్కి చూసుకోండి. యాభై మైళ్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి చూశాను.

ఎడమవైపు నాకు ఐదు గంటలు పట్టింది. తర్వాతి శనివారం కుడివైపు గంటన్నరలో అయిపోయింది, సుత్తి కిటుకు అప్పటికి తెలుసు కనుక. పాత హబ్‌ని చేతిలో పట్టుకుని తిప్పితే గింజలు నలుగుతున్నట్టు ఉంది. ఎడమవైపుది నున్నగా తిరిగింది పాపం.

రెండూ కలిపి మార్చాలా అని కూడా ఎవరైనా అడుగుతారు. అక్కర్లేదు, పోయిందే మార్చండి. మరీ చౌకది మాత్రం కొనకండి. నేను కోయో తీసుకున్నాను. టిమ్‌కెన్, ఎన్‌ఎస్‌కే కూడా పేరున్నవే.

ఇండియాలో పాత మారుతి 800 ఉన్నవాళ్లు ఇది చదివి పానా పట్టుకోవద్దు. దాంట్లో బేరింగులు డ్రమ్ములోపలే బిగుతుగా కూర్చుని ఉంటాయి, కొట్టి తీసి కొట్టి ఎక్కించాలి. డ్రమ్ము తీసుకుని ప్రెస్సు ఉన్న షాపుకి వెళ్లడమే సుఖం.

అప్పటిదాకా నడపొచ్చా అన్నారు. చక్రం ఊపితే ఆడకుండా ఉత్త హోరు మాత్రమే ఉంటే, నేను వారం రోజులు హైవే ఎక్కకుండా ఆఫీసుకి వెళ్లొచ్చాను. ఆడుతున్నా, గరగర నుంచి ఇనుము రాసుకునే చప్పుడు దాకా వచ్చినా, బండి తీయకండి. ఆర్డర్ పెట్టే ముందు మీ బండికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉందో లేదో చూసుకోండి. కీ తిప్పినప్పుడు డాష్‌బోర్డు మీద ఆ లైటు ఒక క్షణం వెలిగితే ఉన్నట్టే. రెండింటికీ హబ్బులు వేరు. ఏబీఎస్ ఉన్నదానికి వెనక వైరు తగిలించే ప్లగ్గు ఉంటుంది, సుత్తి తీసే ముందు ఆ వైరు ఊడదీసి పక్కకి పెట్టుకోండి.