పోలో జీటీకి పెద్ద బ్రేకులా? ముందు బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూడండి

మీరు అడిగింది ఇదీ: ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐకి స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించారు, బండి బాణంలా పోతోంది, కానీ ఓఆర్ఆర్ మీద 120లో బ్రేక్ తొక్కాలంటే ధైర్యం చాలడం లేదు. లక్షన్నర పెట్టి ముందు చక్రాలకి నాలుగు పిస్టన్ల కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని డిస్కు మీద నొక్కే భాగం) కిట్ వేయించాలా, వేయిస్తే ఎరుపు బాగుంటుందా పసుపు బాగుంటుందా అని. కారు ఫొటో కూడా పెట్టారు.

వద్దు. రంగు సంగతి అసలే వద్దు.

ఊరికే చెప్పడం లేదు. నాదీ అదే బండి, 2015 మోడల్. 2019లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నేనూ రీమ్యాప్ చేయించాను. నేనూ అలాంటి కిట్‌కే కొటేషన్ తెప్పించుకుని, పెళ్లి సంబంధం ఫొటోలా రోజూ పడుకునే ముందు ఫోన్‌లో తీసి చూసుకునేవాణ్ని. ఆ పిచ్చి 2021లో శ్రీశైలం ఘాట్ రోడ్డులో వదిలింది.

కార్తీక మాసం. అత్తయ్యకి మొక్కు ఉంది. కారులో నేను, మా ఆవిడ, అత్తయ్య, మామయ్య, మా బుడ్డోడు, డిక్కీ నిండా సామాను, పైన పులిహోర డబ్బా. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటాక అంతా పులుల అడవి కాబట్టి బుద్ధిగానే నడిపాను. దోమలపెంట దాటి, డ్యామ్ వైపు దిగుడు మొదలయ్యేసరికి నాలోని పోటుగాడు నిద్ర లేచాడు. గేరు ‘డి’లోనే ఉంది. కాలు తీయగానే డీఎస్‌జీ, అంటే ఈ బండి ఆటోమేటిక్ గేర్‌బాక్స్, మైలేజీ కోసం పై గేరులోకి పోతుంది. ఇక ఇంజిన్ పట్టి ఉంచేదేమీ లేదు, ఐదుగురి బరువూ బ్రేకుల మీదే. మలుపు దాకా వదలడం, గట్టిగా తొక్కడం, తిప్పడం, మళ్లీ వదలడం.

ఐదారు మలుపులు తిరిగాక కమురు వాసన మొదలైంది. ‘‘ఏదో లారీ క్లచ్ కాలినట్టుంది’’ అన్నాను. ముందూ వెనకా లారీ లేదు. మామయ్య ఆర్టీసీలో ముప్పై ఏళ్లు డ్రైవరుగా చేసిన మనిషి. అద్దం దించి ఒక్కసారి పీల్చి, ‘‘గేరు తగ్గించు బాబూ’’ అన్నారు. ‘‘ఆటోమేటిక్ కదా మామయ్యా, అదే చూసుకుంటుంది’’ అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ తర్వాతి మలుపులో పెడల్ తొక్కితే తడి స్పాంజి మీద కాలేసినట్టు మెత్తగా దిగింది. మామూలుగా పట్టే చోట పట్టలేదు. ఇంకా దిగింది. బూటు అడుగున మ్యాట్ తగిలింది. బండి మాత్రం పోతూనే ఉంది. గబగబా మూడు నాలుగు సార్లు పంపు కొట్టినట్టు తొక్కితే కాస్త పట్టింది. లివర్ పక్కకి తోసి మాన్యువల్‌లో 2లోకి దించాను. ఇంజిన్ గొంతు చించుకుంది. హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కిపట్టి కొద్దికొద్దిగా లాగుతూ, కొండవైపు కాలువ అంచున ఎలాగో ఆపాను. హ్యాండ్ బ్రేక్ కేబుల్ మీద వెనక డ్రమ్ములకి పోతుంది, దానికి బ్రేక్ ఆయిల్‌తో పని లేదు. ఆ రోజు మమ్మల్ని ఆపింది అదీ, రెండో గేరూ. అత్తయ్య కళ్లు తెరిచి, ‘‘డ్యామ్ చూపించడానికి ఆపావా బాబూ?’’ అన్నారు. అవునన్నాను.

నీళ్ల సీసా తెచ్చి డిస్కుల మీద పోయబోతే మామయ్య నా చెయ్యి పట్టుకున్నారు. ‘‘పొయ్యకు, వంకర పోతాయి.’’ నలభై నిమిషాలు అక్కడే కూర్చున్నాం. డిక్కీ తీసి ఉందని చూసుకోలేదు, పులిహోర సగం కోతులపాలైంది. చల్లారాక పెడల్ తొక్కి చూస్తే ఏమీ జరగనట్టు గట్టిగా నిలబడింది. మిగతా దిగుడంతా రెండో గేరులో, మామయ్య కనుసన్నల్లో నడిపాను. ఆయన దారి పొడుగునా ఒక్క మాట కూడా అనలేదు. అంటేనే నయంగా ఉండేది.

చల్లారగానే పెడల్ వెనక్కి రావడంలోనే గుట్టంతా ఉంది. ప్యాడ్లు మితిమీరి వేడెక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండే ఆగదు. పెడల్ నేల దాకా దిగిందంటే, కాలి ఒత్తిడిని చక్రాలకి చేర్చే బ్రేక్ ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి పట్టిందన్నమాట. ఆవిరి నొక్కితే నలుగుతుంది, మన కాలి బలమంతా దాన్ని నలపడానికే సరిపోతుంది. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, పెడల్ తిరిగొస్తుంది.

హైదరాబాద్ వచ్చాక షోరూమ్‌కి పోకుండా మా మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, టార్చి కొట్టి చూసి, ‘‘సాబ్, ఇందులో డికాషన్ పోసి తిప్పుతున్నరా?’’ అన్నాడు. కొత్త ఆయిల్ లేత పసుపు రంగులో ఉంటుంది. నాది నల్లగా ఉంది. దాన్ని రెండేళ్లకోసారి మార్చాలి, బండి తిరిగినా తిరక్కపోయినా. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక లెక్క 155కి పడిపోతుంది. నా బండిలో ఉన్నది బహుశా ఫ్యాక్టరీలో పోసిందే, అంటే ఆరేళ్లది. అది ఎంత దగ్గర మరిగిందో మల్లన్నకే తెలియాలి.

ఇక్కడ కడుపుమంట ఒకటి చెప్పుకోవాలి. పాత ఓనరు ఇచ్చిన సర్వీసు బిల్లులన్నీ బయటికి తీశాను. ఒక షోరూమ్ ‘బ్రేక్ క్లీనింగ్’ అని నాలుగు సార్లు డబ్బులు లాగింది. ఏసీకి సువాసన ట్రీట్‌మెంట్ రెండు సార్లు. బ్రేక్ ఆయిల్ మార్చినట్టు ఒక్క బిల్లులోనూ లేదు. ఓనరూ అడగలేదు, కొన్నాక నేనూ అడగలేదు. రీమ్యాప్ చేసినవాడు సైతం బ్రేకుల సంగతి ఎత్తలేదు. ఉరికించడానికి డబ్బులు తీసుకున్నవాడికి ఆగే బాధ్యత ఎందుకుంటుంది!

పాత ఆయిల్ పూర్తిగా లాగేసి, కొత్త డాట్ 4 పోసి, నాలుగు చక్రాలకీ ఎయిర్ తీయడానికి లేబర్‌తో కలిపి రెండు వేలు కాలేదు. డిస్కులు బాగానే ఉన్నాయి. ప్యాడ్లు గాజులా నున్నబడిపోయాయి. వేడి తట్టుకునే మంచి రకం ప్యాడ్లు వేయించాను. కొత్త ప్యాడ్లు వేయగానే పని అయిపోదు, డిస్కుకి కుదరాలి. తెల్లవారుజామున కోకాపేట కొత్త లేఅవుట్ ఖాళీ రోడ్ల మీద 60కి పోవడం, పూర్తిగా ఆపకుండా పదికి తగ్గించడం, మళ్లీ 60. ఇలా ఓ పదిసార్లు చేశాక ఆపకుండా చల్లారేదాకా తిప్పాను. వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన చెయ్యూపి నన్ను నెమ్మదించమని, ‘‘డ్రైవింగ్ నేర్చుకుంటున్నావా నాయనా? క్లచ్ మెల్లగా వదలాలి’’ అన్నారు. దీనికి క్లచ్ పెడలే లేదని చెప్పలేకపోయాను.

ఇప్పుడు మీ కిట్ సంగతి. ఖాళీ రోడ్డు చూసుకుని 60లో ఒక్కసారి పూర్తి బలంతో తొక్కండి. కాలి కింద టకటకమని ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా ఆపే ఏర్పాటు) కొడితే మీ బ్రేకులకి చక్రాన్ని లాక్ చేసే బలం ఉన్నట్టే. అంతకు మించి పట్టు ఇవ్వలేకపోతోంది టైరు. దాని మీద ఎంత పెద్ద కాలిపర్ బిగించినా ఆ ఒక్కసారికి ఒక్క అడుగు కూడా ముందు ఆగదు. పెద్ద డిస్కు పనికొచ్చేది వేడి దగ్గర, పదేపదే గట్టిగా తొక్కే చోట. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి ట్రాక్‌కో నెలనెలా వెళ్లేవారైతే నిక్షేపంగా వేయించుకోండి. మనమంతా గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఫస్టు గేరులో పాకేవాళ్లం. పైగా ఆ కిట్ మీ అల్లాయ్ చక్రంలో పట్టకపోతే పెద్ద చక్రాలు, వాటికి సన్న టైర్లు, ఇక మన కాలనీల్లో ఎవరికి తోచిన చోట వారు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లకి వారానికో రిమ్ము వంకర. పిస్టన్లు పెద్దవైతే పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే పాత మాస్టర్ సిలిండర్ పంపే ఆయిల్ చాలక పెడల్ ఇంకా లోపలికి పోతుంది. లక్షన్నర పెట్టి మెత్తటి పెడల్ కొనుక్కోవడం ఎందుకు?

120 దగ్గర భయం అన్నారు. 80 నుంచి 120కి స్పీడు ఒకటిన్నర రెట్లే పెరిగినా, బ్రేకు మింగాల్సిన శక్తి రెండుంపావు రెట్లవుతుంది. భయం న్యాయమే. ఓఆర్ఆర్ మీద ఎగ్జిట్ దాటిపోయిందని రివర్సులో వచ్చే మహానుభావులున్నంత కాలం ఏ బ్రేకులైనా తక్కువే. 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు జరిగిన దగ్గర్నుంచి నెక్లెస్ రోడ్డుని ట్రాక్ అనుకునే కుర్రాళ్లు ఎక్కువయ్యారు, వాళ్ల కాలిపర్లన్నీ ఎరుపే. దగ్గరికెళ్లి చూస్తే చాలావరకు ప్లాస్టిక్ తొడుగులు. అసలు ఆ రేసు కార్లలో వెనక చక్రాల్ని మామూలుగా ఆపేది మోటారే.

ఇంకో మాట. మీరు రంగు కోసం పెట్టిన ఫొటోని పెద్దది చేసి చూశాను. ముందు ఎడమ టైరు పక్క గోడ మీద, తయారైన వారం చెప్పే డాట్ కోడ్ చివర 2317 అని కనిపిస్తోంది. అంటే 2017లో 23వ వారంలో తయారైన టైరు. రీమ్యాప్ చేసిన బండిని దాని మీద 120లో తోలుతున్నారు. ఈ వారమే నాలుగూ మార్పించండి, ఆయిల్ కూడా అదే రోజు చేయించేయండి. కిట్ గురించి మళ్లీ అడగాలనిపిస్తే ఆ తర్వాత అడగండి.